కొత్త నీరు మోసుకొచ్చేది ఏమిటి? గోదావరి, వరద భూములపై అపోహలు - వాస్తవాలు

గోదావరికి కొత్త నీరు వచ్చిందని తెలియగానే రాజమండ్రిలో జనం గట్టెక్కి ఎర్రటి నీళ్లు చూస్తారు, యానాంలో పులస ధర అడుగుతారు. మాలాంటివాళ్లం సీసాలు సర్దుకుంటాం. నదిలో కార్బన్ ఎంత ఉంది, ఎటు పోతోంది అని చూడటమే నా పని. పడవలో పాయ మధ్యకి వెళ్లి, లోపల ఒక్క బుడగ కూడా లేకుండా సీసా నింపుతాం. ఒడ్డుకు చేరేలోగా అందులోని సూక్ష్మజీవులు లెక్క మార్చేయకుండా మెర్క్యూరిక్ క్లోరైడ్ వేసి మూత బిగిస్తాం. పడవ నడిపే సరంగు నుంచి మీటింగుల్లో కలిసే ఇంజనీర్ల దాకా అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: నది ఒక పెద్ద కాలువ. ఆకూ అలమూ, మట్టీ తెచ్చి సముద్రంలో కలిపేస్తుంది, అంతే.

శాస్త్రవేత్తలు కూడా చాలా కాలం ఇలాగే లెక్క కట్టారు. కానీ నది తెచ్చినదంతా సముద్రానికి చేరదు. అడవి నేల నుంచి, పొలాల నుంచి, ఊళ్ల మురుగు నుంచి వచ్చిన సేంద్రియ పదార్థాన్ని నీటిలోని బ్యాక్టీరియా దారిలోనే తింటాయి. తిన్నదాంట్లో చాలా భాగాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా వదులుతాయి. 2013లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలోని వాగులు, నదులు కలిసి ఏటా సుమారు 180 కోట్ల టన్నుల కార్బన్‌ను గాలిలోకి వదులుతున్నాయి. సముద్రానికి చేరేది దాదాపు దాంట్లో సగమే.

మన గౌతమి పాయలోనే దీన్ని కళ్లారా చూడొచ్చు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం శాస్త్రవేత్తలు అక్కడ పద్దెనిమిది నెలలు వరుసగా నీళ్లు పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. వేసవిలో నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం 500 మైక్రో అట్మాస్ఫియర్ల (ఒక్కోటి గాలి పీడనంలో పది లక్షల్లో ఒక వంతు) లోపే ఉంది. అప్పటి గాలిలో అది 390 దగ్గర ఉండేది కాబట్టి తేడా పెద్దదేమీ కాదు. వరద ముమ్మరంగా ఉన్న రోజుల్లో అదే అంకె 30,000కు చేరింది! వేసవిలో 7.8 పైన ఉన్న పీహెచ్ ఒకటిన్నర పడిపోయింది, అంటే నీరు ఆమ్లం వైపు జరిగింది. తేటగా ఉన్న వేసవి నీటిలోకి ఎండ దిగుతుంది, నాచు పెరుగుతుంది, అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ఎర్ర నీటిలో చెయ్యి పెడితే వేళ్లు కనిపించవు. ఆ చీకట్లో నాచుకు పని లేదు, బ్యాక్టీరియాకు మాత్రం పండగే. అందుకే నాలుగైదు వేసవి శాంపిళ్లు తీసి ‘ఈ నది ఇంత వదులుతోంది’ అని చెప్పే రిపోర్టులను నేను నమ్మను. గోదావరి నీటిలో అత్యధిక భాగం వానాకాలంలోనే పారుతుంది. ఆ నెలలు వదిలేస్తే లెక్కే లేదు.

అపోహ: అయితే భూమి వేడెక్కడానికి నదులు కూడా కారణమే.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నది వదిలే కార్బన్‌లో కొంత భాగం ఏదో ఒక చెట్టు ఈమధ్యే గాలి నుంచి తీసుకున్నది. అమెజాన్ నీటి నుంచి లేచే కార్బన్ డయాక్సైడ్ వయసును రేడియోకార్బన్ పద్ధతిలో కొలిచి 2005లో ప్రచురించారు. అందులో ఎక్కువ భాగం ఐదేళ్ల లోపుదేనని తేలింది. నిన్నమొన్నటి ఆకు తీసుకున్నది తిరిగి గాలికి చేరుతోంది. గాలిలో ఉన్న మొత్తం దీనివల్ల పెరగదు.

మరి పెంచేది ఏమిటి? దానికీ గోదావరి లోయలోనే జవాబుంది. తెలంగాణలోని సింగరేణి బొగ్గు పొరలన్నీ ప్రాణహిత-గోదావరి లోయలోనే ఉన్నాయి. పాతిక కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తే, ఇక్కడి పాత నదుల పక్కన చిత్తడి నేలలుండేవి. అక్కడ రాలిన ఆకులు, పడిన మానులు ఆక్సిజన్ అందని బురదలో మునిగి, వాటి మీద మట్టి పేరుకుని, బ్యాక్టీరియాకు పూర్తిగా చిక్కకుండా మిగిలాయి. అదే బొగ్గు. నీటిలో కుళ్లిన ఆకు ఐదేళ్లలో గాలికి తిరిగి వస్తే, బురదలో దాగిన ఆకు కోట్ల ఏళ్లు బయటికి రాలేదు. దాన్ని తవ్వి ఒక్క రోజులో కాల్చేస్తున్నాం. ఈ రెంటినీ ఒకే పద్దులో రాయకూడదు.

నది కార్బన్‌ను తీసుకుంటుంది కూడా. గోదావరి ఎగువన సగానికి దగ్గరగా దక్కన్ నల్లరాతి నేల. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆ రాతిని కొంచెం కొంచెంగా కరిగించి బైకార్బొనేట్‌గా మారుతుంది, నదితో పాటు సముద్రానికి పోతుంది. చాలా నెమ్మదైన పని, కానీ ఆగదు.

అపోహ: వేల టీఎంసీలు వృథాగా సముద్రం పాలవుతున్నాయి.

ఎండిన పొలం ముందు నిలబడి రైతు ఈ మాట అంటే ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ ‘వృథా’ అన్న మాట తప్పు. కోనసీమ నేలంతా అలా ‘వృథాగా’ పోయిన ఒండ్రే. 1970లలో డెల్టాకు ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. రాకుండా పోయినదాంట్లో చాలా భాగం ఎగువ జలాశయాల అడుగునే ఆగింది. ఒండ్రు తగ్గినచోట సముద్రం నేలను కోసుకుపోతుంది, ముందు పోయేవి మడ చెట్లు. కోరింగ మడ అడవుల బురదలో కార్బన్ చాలాకాలం నిలవ ఉంటుంది. ఉప్పునీటిలోని సల్ఫేట్ వల్ల అక్కడ మీథేన్ తక్కువగా పుడుతుంది. ఆ అడవికి మంచినీరూ కావాలి, మట్టీ కావాలి. పులస సంగతి చెప్పనక్కర్లేదు, ఎర్ర నీరు సముద్రంలోకి దిగకపోతే అది ఎదురెక్కి రాదు.

అపోహ: వరద ముంచే భూమి పనికిరాని భూమి.

మార్కెట్లో రూప్‌చంద్ అని అమ్మే చేప చాలామందికి తెలుసు. మన చెరువుల్లో తవుడు తిని పెరిగే ఆ చేప పుట్టిల్లు అమెజాన్, ఒరినోకో నదుల వరద అడవులు. దాని నోరు తెరిచి చూస్తే మనిషి పళ్ల లాంటి పళ్లుంటాయి, అవి కాయలూ గింజలూ నమలడానికి. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర అమెజాన్ ఏటా సుమారు పది మీటర్లు పెరిగి తగ్గుతుంది. నెలల తరబడి చెట్లు నీళ్లలో నిలబడి కాయలు రాల్చితే, చేపలు అడవిలోకి ఈదుకుంటూ వెళ్లి తింటాయి, గింజలను దూరంగా చేరుస్తాయి. ఏటా వచ్చి పోయే ఈ వరదే అక్కడి జీవానికి ఆధారమని యుంక్, బేలీ, స్పార్క్స్ అనే శాస్త్రవేత్తలు 1989లో సిద్ధాంతంగా చెప్పారు. అమెజాన్ నీటి నుంచి లేచే కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద వంతు ఈ మునిగే అడవులు, తడి నేలల మొక్కలు ఇచ్చినదేనని 2014లో మరో బృందం చూపించింది. అంటే ఒడ్డు దాటిన తర్వాత కూడా నది ఉంది. బుడమేరు వాగు 2024 సెప్టెంబరులో విజయవాడలోకి వచ్చినప్పుడు మనం చూసింది అదే, నీళ్లు తమ పాత చోటికి వచ్చాయి.

అపోహ: జలవిద్యుత్‌లో పొగ లేదు కాబట్టి కాలుష్యం ఉండదు.

జలాశయాన్ని బట్టి ఉంటుంది. లోతైన లోయలో చిన్న విస్తీర్ణంలో కడితే నష్టం తక్కువ. బ్రెజిల్‌లో 1980ల చివర్లో కట్టిన బాల్బీనా జలాశయం మాత్రం దాదాపు 2,360 చదరపు కిలోమీటర్ల మేర నిలిచి, అడవిని ముంచింది. దాని సామర్థ్యం 250 మెగావాట్లే. మునిగిన చెట్లు ఆక్సిజన్ లేని అడుగున కుళ్లితే వచ్చేది మీథేన్, అది వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది.

అపోహ: గుర్రపు డెక్క పచ్చగా పెరుగుతోంది, కార్బన్ పీలుస్తోంది, ఉండనివ్వండి.

పీల్చే మాట నిజమే. అది చచ్చి అడుగుకు దిగాక ఏమవుతుందో కూడా చూడాలి. కొల్లేరులోనైనా, ఊరి కాలువలోనైనా అది కప్పేసినచోట కిందికి వెలుతురు పోదు, ఆక్సిజన్ పడిపోతుంది, కుళ్లిన బురదలో మీథేన్ బుడగలు పుడతాయి. కర్రతో బురదను కదిపితే అవి పైకి లేస్తాయి. తీసి గట్టు మీద గాలి తగిలేలా కంపోస్టు చేస్తే ఆ మీథేన్ చాలావరకు తప్పుతుంది. తీయడం మాత్రం విత్తనం కట్టకముందే జరగాలి. రాలిన గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉండి, నీళ్లు తగ్గిన ఏడు మళ్లీ మొలుస్తాయి.