తలుపు దించే లస్కరు

ఒక తల్లి అడిగారు: “మా బాబుకు ఆటిజం. గంటల తరబడి చేతులు ఆడిస్తూనే ఉంటాడు. ఇంటి నిండా బొమ్మలు కొనిపెడితే తగ్గుతుందా?”

జవాబుకు ముందు ఒక ఎలుకను చూడాలి. ఉత్తర అమెరికా అడవుల్లో, పొలాల్లో తిరిగే డీర్ మౌస్. దీన్ని ప్రయోగశాలలోని చిన్న పెట్టెలో పెంచితే రాత్రంతా నిలువునా ఎగురుతుంది, లేదా వెనక్కి పిల్లిమొగ్గలు వేస్తుంది. ఎలుక పిల్లిమొగ్గలేమిటని నవ్వకండి. వేసిందే వేస్తుంది, మళ్లీ వేస్తుంది. మందు ఎక్కించలేదు, జన్యువు మార్చలేదు. మేత ఉంది, నీళ్లున్నాయి, చేయడానికి పనే లేదు.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్క్ లూయిస్ బృందం పాలు మానిన ఎలుక పిల్లల్లో కొన్నింటిని పెద్ద గూటికి మార్చింది. ఎక్కడానికి తీగ నిచ్చెనలు, దూరడానికి గుడిసెలు, పరుగెత్తడానికి చక్రం, వెతుక్కుని తినమని చల్లిన గింజలు. రెండు నెలలకు చాలావాటిలో పిల్లిమొగ్గలు బాగా తగ్గాయి.

ఎందుకు తగ్గాయన్నదే నాకు ముచ్చట. మెదడు లోపల కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియాను కాలువ తూము అనుకోండి. సంకేతాలను దాటించే థాలమస్ నుంచి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు పారే కదలిక సంకేతమే నీరు. మామూలుగా తూము తలుపు దించే ఉంటుంది. దాన్ని నొక్కి పట్టేది సబ్‌స్టాన్షియా నైగ్రా. బేసల్ గాంగ్లియాలోకి సంకేతాలు వచ్చే గుమ్మం స్ట్రయేటం. దాని కింద ఇద్దరు లస్కర్లు, అంటే కాలువ తలుపులు చూసుకునేవాళ్లు. ప్రత్యక్ష మార్గమనే మొదటివాడు తలుపు ఎత్తుతాడు. పరోక్ష మార్గమనే రెండోవాడు దింపిస్తాడు, కానీ తలుపును ముట్టుకోడు. గ్లోబస్ పాలిడస్ అనే మేస్త్రీ ఉంటే, అతని నోరు మూయిస్తాడు. ఆ మేస్త్రీకి జడిసి అణిగి ఉన్న సబ్‌థాలమిక్ కేంద్రకం అప్పుడు గొంతెత్తి నైగ్రాతో “దించు!” అంటుంది. ఆపేవాడిని ఆపడమే రెండో లస్కరు ఉద్యోగం. రుణం ఇంటూ రుణం ధనమని బట్టీ పట్టించే మాస్టార్లు ఈ బొమ్మ గీస్తే ఎంత బాగుండేది!

పిల్లిమొగ్గల ఎలుకలో రెండో లస్కరు నీరసించాడు. మడి తడిసిపోయినా తలుపు దిగదు. పెద్ద గూటి ఎలుకల సబ్‌థాలమిక్ కేంద్రకంలో కణానికి శక్తి సమకూర్చే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చురుకుదనం పెరిగింది, అంటే అక్కడి నాడీకణాలు చాలాకాలంగా గట్టిగా పనిచేస్తున్నాయన్నమాట. అక్కడా, గ్లోబస్ పాలిడస్‌లోనూ నాడీకణాల కొమ్మలైన డెండ్రైట్ల మీద, ఇతర కణాల సంకేతాలను అందుకునే ముళ్లు ఒత్తుగా మొలిచాయి. అడెనోసిన్ అనే రసాయనాన్ని అందుకునే రెండు రకాల గ్రాహకాలను మందులతో ఒకేసారి తట్టి ఈ లస్కరును లేపితే, చిన్న పెట్టెలో ఉన్నవి కూడా ఎగరడం తగ్గించాయి.

గొలుసుతో కట్టిన గుడి ఏనుగు అదేపనిగా తల ఊపుతుంటే దీవిస్తోందని దండం పెడతాం. అదీ ఈ పిల్లిమొగ్గల జాతిదే.

అమ్మా, ఆ పెట్టె మీ ఇల్లు కాదు. ఆటిజం బొమ్మలు తక్కువై రాదు, దిష్టి తగిలీ రాదు. చేతులు ఆడించడం బాబుకు ఊరట కూడా కావచ్చు. అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2013లో ప్రచురించిన అధ్యయనంలో 3 నుంచి 12 ఏళ్ల బాలురు 28 మంది ఉన్నారు. మామూలు చికిత్సకు తోడు కొందరికి ఆరు నెలలపాటు రకరకాల వాసనలు, స్పర్శలు అందించారు. వారిలో 42 శాతం మంది చెప్పుకోదగ్గంత మెరుగుపడ్డారు. మిగతా జట్టులో 7 శాతమే. 28 మందితో ఊరంతటికీ మందు రాయలేం.

పైగా పెద్ద గూట్లో అన్నీ ఉన్నా కొన్ని ఎలుకలు మారలేదు. వాటి స్ట్రయేటంలో ముళ్లు కూడా చిన్న పెట్టెలోని వాటిలాగే పలచగా ఉన్నాయి.