ఎండీసీ: 500 పీపీఎం నుంచి 2 పీపీఎం దాకా

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ మందుల ఫ్యాక్టరీల్లో ఎండీసీ అంటే మిథిలీన్ డైక్లోరైడ్, పదార్థాలను కరిగించడానికి వాడే ద్రావకం. దీనికి మంట తేలిగ్గా అంటుకోదు. 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పని అయ్యాక వదిలించుకోవడమూ సులువే. ఈథర్ అనే మరో ద్రావకంలా మంటల భయం లేదని ఎన్నో చోట్ల దీన్నే మేలనుకున్నారు. ఆ మంచిపేరే అసలు ప్రమాదాన్ని చాలాకాలం కప్పిపెట్టింది.

అమెరికాలో 1997 వరకు పనిచేసే చోటి గాలిలో ఎండీసీ 8 గంటల సగటున 500 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 500 భాగాలు) దాకా ఉండొచ్చనేవారు. మత్తు, తలతిరుగుడు తప్ప పెద్దగా చేటు లేదనుకున్న రోజుల లెక్క అది. 1972లో తేలిందేమిటంటే, పీల్చిన ఎండీసీని శరీరం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. అందుకే మనిషి మంచి గాలిలోకి వచ్చాక కూడా రక్తంలో ఆ విషం కొన్ని గంటలపాటు పెరుగుతూ ఉండొచ్చు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను నమ్మకూడదు, అది ఈ విషం పట్టిన రక్తాన్నీ మామూలుగానే చూపిస్తుంది. ఆస్పత్రిలో, రక్తానికి కార్బన్ మోనాక్సైడ్ ఎంత పట్టిందో చూపే కార్బాక్సీహీమోగ్లోబిన్ పరీక్ష అడిగి మరీ చేయించాలి.

1980ల్లో ఎండీసీ పీల్చిన చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో కంతులు బయటపడ్డాయి. పరిమితి 1997లో 25 పీపీఎంకి దిగింది. 2024లో అమెరికా పర్యావరణ సంస్థ చాలా వాడకాలను నిషేధించి, కొనసాగనిచ్చిన పనులకు 2 పీపీఎం అంది.

మన ముక్కు దీని తియ్యటి వాసన పట్టేది దాదాపు 200 పీపీఎం దగ్గర. వాసన రావడం లేదంటే గాలి బాగుందని కాదు.

ఆవిరి గాలికి దాదాపు మూడు రెట్లు బరువు, గుంటల్లో, రియాక్టర్ అడుగున పేరుకుంటుంది. 2000–2011 మధ్య అమెరికాలో ఎండీసీ ఉన్న ద్రవంతో స్నానాల తొట్టెల రంగు గీకుతూ కనీసం 13 మంది చనిపోయింది ఇలాగే: చిన్న గది, వంగిన తల, కిందే ఆవిరి. బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్కు త్వరగా నిండిపోయి ఆవిరిని లోపలికి వదిలేస్తుంది. బయటి నుంచి గొట్టంతో గాలి అందే మాస్కే కావాలి. నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లోవ్స్‌లోంచి ఎండీసీ నిమిషాల్లో దిగుతుంది. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) గ్లోవ్స్ ఆపుతాయి గానీ నీళ్లు తగిలితే పాడైపోతాయి.

ఏప్రిల్, మే ఎండల్లో ఆరుబయట పెట్టిన డ్రమ్ములో ఎండీసీ మరిగే వేడికి చేరుతుంది. దాన్ని నీడకు చేర్చి, బాగా చల్లారాక, చిన్న బిరడాను పావు చుట్టు తిప్పి ఒత్తిడి పోనివ్వాలి. బుస ఆగాకే పూర్తిగా విప్పాలి.