ఒక్క సంకేతంతో అడుగు కలిపే కేయాస్

ముందుగా ఊహించలేనిదే కేయాస్ అయినప్పుడు, దూరంగా ఉన్న రెండు కేయాస్ సర్క్యూట్లు ఒకేలా ఎలా నడుస్తాయని ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురంలో భౌతికశాస్త్రం చదువుతున్న ఒక తెలుగు విద్యార్థిని అడిగింది. 2013లో పైలిన్ తుపానును చూసిన గంజాం జిల్లా వారికి ఈ చిక్కు కొత్తది కాదు. నేటి కొలతలోని రవ్వంత తేడా పెరిగి పెరిగి, కొన్ని వారాల తరువాతి వాతావరణాన్ని అంచనాకు అందకుండా చేస్తుంది. ఏడాది వానలను ఉగాదినాడే చదివేసే పంచాంగానికి మాత్రం ఈ ఇబ్బంది లేదు.

1990లో పెకోరా, కారల్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నకు జవాబు చూపారు. వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 1963లో రాసిన సమీకరణాలలో మూడు రాశులున్నాయి. వాటిని క, చ, ట అందాం. చ మారే వేగం 28క − చ − కట; ట మారే వేగం కచ − (8/3)ట. ఈ సమీకరణాల ప్రకారం నడిచే సర్క్యూట్ ఇరువైపులా ఉంటుంది; పంపేవారు క ఒక్కదానినే పంపుతారు, అందుకునేవారు దానిని తమ సర్క్యూట్‌లో పెట్టి చ, ట లను తామే పుట్టించుకుంటారు. ఇరువైపుల చ ల తేడాను త, ట ల తేడాను ద అనుకుంటే, త మారే వేగం −త − కద, ద మారే వేగం కత − (8/3)ద అవుతుంది. మొదటిదాన్ని త తో, రెండవదాన్ని ద తో గుణించి కూడండి (వచ్చేది త² + ద² మారే వేగంలో సగం): −కతద, +కతద కొట్టుకుపోతాయి! గందరగోళానికి మూలమైన క, తేడాల లెక్కలోంచి పూర్తిగా తప్పుకుంటుంది. మిగిలినవి రెండూ రుణపదాలే కనుక, ఎక్కడ మొదలుపెట్టినా మొత్తం తేడా సమీకరణాల కాలమానంలో 7 యూనిట్లు గడిచేసరికి వెయ్యో వంతుకన్నా తగ్గుతుంది. కేయాస్ సిద్ధాంతంలో నాకు ఇంతకన్నా ముచ్చటైన లెక్క కనబడలేదు. తరగతిలో దీనిని బల్లమీద చేసి చూపకుండా సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే ఎక్కడో తుపాను వస్తుందనే కథతో సరిపెట్టడం అన్యాయం.

1993లో క్యూమో, ఓపెన్‌హైమ్ అనే పరిశోధకులు ఈ క మీద బలహీనమైన సందేశాన్ని కలిపి పంపారు. బరంపురంలో జరిగే అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రలో డప్పుల హోరు మధ్య చెవిలో చెప్పిన మాటలాంటిదది: ప్రతి దెబ్బా ముందే తెలిసినవాడు హోరును తీసివేసి మాటను వింటాడు. అందుకునే సర్క్యూట్ క ను కూడా తిరిగి తయారుచేసి, వచ్చిన సంకేతంలోంచి తీసివేస్తుంది. సందేశం కలిసిన క యే దాన్ని నడుపుతున్నందున పొందిక కొంత చెదురుతుంది, అందుకే సందేశం చిన్నదై ఉండాలి. 2005లో ఏథెన్స్ నగరంలో ఇదే ఊహను లేజర్లతో, 120 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ మీద, సెకనుకు గిగాబిట్ స్థాయి వేగంతో నిజం చేశారు.

అయితే రహస్యం ఎంత గట్టిది? 1995లో పెరెజ్, సెర్డెయిరా అనే పరిశోధకులు, దారిలో పోతున్న సంకేతంలోని శిఖరాల, లోయల ఎత్తులను వరుసగా గ్రాఫుపై గుర్తిస్తే సన్నని గీతలు ఏర్పడతాయనీ, సందేశం ఆ గీతలను పక్కకు జరుపుతుందనీ చూపారు. ఆ జరుగుబాటును చదివితే, దొంగచాటుగా వినేవారికి జత సర్క్యూట్ అవసరమే లేదు.