మద్రాసు దారి మూసుకున్న రోజుల్లో క్యాన్సర్ ఆపరేషన్

నెల్లూరులో ఎవరికైనా బయాప్సీలో క్యాన్సర్ అని తేలితే ఇంట్లో ముందు వినపడే మాట "మద్రాసు పోదాం". డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో మొదలుపెట్టిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పేరు మా వైపు పల్లెల్లో కూడా తెలుసు. నెల్లూరులో రెడ్‌క్రాస్ వాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నా, పెద్ద ఆపరేషన్ అనేసరికి చాలామంది చూపు దక్షిణానికే. ఒంగోలు వాళ్లు గుంటూరు, హైదరాబాదు కూడా పోతుంటారు. 2019 నవంబరు 1 నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని కొన్ని ఆస్పత్రుల్లోనూ ఆరోగ్యశ్రీ చెల్లుతుందన్నారు. డబ్బుల బెంగ కొంత తీరింది. అయిదు నెలలు తిరక్కుండానే దారే మూసుకుంది.

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు నెల్లూరులోనే బయటపడింది, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి. అదే నెలలో రైళ్లు ఆగాయి, లాక్‌డౌన్ వచ్చింది. నెల్లూరు పెద్దాస్పత్రిని రాష్ట్ర స్థాయి కొవిడ్ ఆస్పత్రుల్లో ఒకటిగా మార్చారు. తడ దాటి తమిళనాడులో అడుగు పెట్టాలంటే ఈ-పాస్. (అప్పటికి తడ, సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలోనివే.) మే నెలలో మద్రాసులోని కోయంబేడు మార్కెట్ నుంచి కేసులు మా జిల్లాకు పాకాక, మద్రాసు పేరెత్తితేనే జనానికి టెన్షన్.

కావలిలో మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆపరేషన్ వాయిదా వేస్తున్నామని మద్రాసు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. "కరోనా పోయిందాకా ఇది పెరక్కుండా ఆగతాదా అబ్బయా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నిజానికి అప్పుడు డాక్టర్ల దగ్గరా పూర్తి జవాబు లేదు.

కరోనా రోజుల్లో ఆపరేషన్ అంటే డాక్టర్లకు భయం. ఆ భయం ఉత్తిది కాదు. 24 దేశాల్లో, ఆపరేషన్‌కు కాస్త ముందో తర్వాతో కరోనా సోకిన 1,128 మందిని పరిశీలిస్తే 23.8 శాతం మంది నెల రోజుల్లోపే చనిపోయారు. సగం మందికి ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి. 2020 మే చివర్లో ఈ లెక్క బయటికొచ్చింది. అలాగని ఆపితే? ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణం ముప్పు 6 నుంచి 8 శాతం దాకా పెరుగుతుందని అదే ఏడాది నవంబరులో మరో అధ్యయనం తేల్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు మాత్రం ఆపలేదు. మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 లోపు 494 ఆపరేషన్లు చేశారు. ఆపరేషన్ తర్వాత ఆరుగురికి పాజిటివ్ వచ్చింది, అందరూ కోలుకున్నారు. ఒక్కరూ చనిపోలేదు. నా దృష్టిలో వాయిదా అనే మాటకు మొదటి గట్టి జవాబు ఇదే.

ఆ తర్వాత దొరికిన ఉపాయంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. క్యాన్సర్ పేషెంట్లు వచ్చే గేటు, పడుకునే వార్డు, థియేటర్, ఐసీయూ, చూసే నర్సులు అన్నీ కొవిడ్ వాళ్లకు దూరంగా ఉండాలి. ముందు ముక్కులో పుల్ల పెట్టి టెస్ట్ చేయాలి. 55 దేశాల్లో 9,171 మంది క్యాన్సర్ పేషెంట్లను చూస్తే, ఇలా వేరుచేసిన చోట ఊపిరితిత్తుల సమస్యలు 2.2 శాతం మందికి, వేరుచేయని చోట 4.9 శాతం మందికి వచ్చాయి.

వేరు చేయాలంటే రెండో చోటు ఉండాలి కదా. పెద్దాస్పత్రి మొత్తాన్నీ కొవిడ్‌కు ఇచ్చేశాక ఆ రెండో చోటు మాకు సరిహద్దు అవతల మిగిలింది. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల్లో 2019 మార్చి, ఏప్రిల్, మే నెలల్లో 17,120 పెద్ద ఆపరేషన్లు జరిగితే, 2020లో అవే నెలల్లో 8,677 జరిగాయి. కొత్తగా పేరు రాయించుకున్నవాళ్లు 54 శాతం తగ్గారు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ రెండో అంకె. జబ్బు తగ్గలేదు, మనుషులు గడప దాటలేదంతే.

పెద్దమ్మది హార్మోన్ మందుకు లొంగే రకం కాబట్టి టామాక్సిఫెన్ మాత్రలతో నెట్టుకొచ్చారు. ఆగస్టులో మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. తమిళనాడు సరిహద్దులో ఆరంబాకం చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఈ-పాస్ కంటే బయాప్సీ కాగితాన్నే ఎక్కువసేపు చూసి, చేత్తో పొమ్మన్నాడు. స్వాబ్ నెగటివ్ వచ్చేదాకా లాడ్జిలోనే. వార్డులోకి ఒక్కరినే రానిచ్చారు. పెద్దనాయన గేటు బయట వేపచెట్టు కింద క్యారియర్ పట్టుకుని కూర్చున్నాడు.

2021 మార్చికి, కరోనా సోకినవాళ్లకు వీలైతే ఏడు వారాలు ఆగి ఆపరేషన్ చేయాలన్న లెక్క కూడా వచ్చింది. 116 దేశాల్లో 1,40,231 మందిని చూసి చెప్పింది అది. ఇక ఏం చేయాలో తెలిసిందనుకుంటుండగా ఏప్రిల్‌లో సెకండ్ వేవ్. ఈసారి అడ్డం పడింది చెక్‌పోస్టు కాదు, ఆక్సిజన్. అది లేకుండా మత్తు డాక్టరు థియేటర్‌లోకే రాడు.