చావులు అవే, శాతాలు తగ్గాయి

"మరణాల శాతం తక్కువున్న ఆసుపత్రే మంచిది కదా, ఇంకా కొలవడానికేముంది?" అని ఒక పాఠకుడు అడిగారు. న్యుమోనియా వరకైతే ఈ ప్రశ్న వెనక లెక్కల్లో ఓ తమాషా ఉంది.

అన్ని న్యుమోనియాలూ ఒకటి కావు. తీవ్రతను అంచనా కట్టే కర్బ్-65లో ఐదు అంశాలు: మతి తడబడటం, రక్తంలో యూరియా లీటరుకు 7 మిల్లీమోల్స్ దాటడం, నిమిషానికి 30 లేదా అంతకు మించి శ్వాసలు, బీపీ పై అంకె 90 లోపు లేదా కింది అంకె 60కి మించకపోవడం, వయసు 65 లేదా ఆపైన. ఒక్కోదానికి ఒక మార్కు. మూడొస్తే పరిస్థితి తీవ్రమే. అలాంటివాళ్లే ఎక్కువగా వచ్చే ఆసుపత్రికి అన్యాయం జరగకూడదంటే రోగుల పరిస్థితిని బట్టి మరణాల లెక్కను సర్దాలి. అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ 30 రోజుల్లోపు మరణాలను ఇలాగే సర్దుతుంది. ఆధారం మాత్రం ప్రధానంగా బిల్లులు. వాటిలో వయసు, పాత జబ్బులు తెలుస్తాయి. రోగి ఎంత ఎగశ్వాసతో వచ్చాడో తెలియదు.

ఇక తమాషా. ఊరికే ఒక లెక్క వేద్దాం. న్యుమోనియా పద్దులో 100 మంది. వాళ్లలో 80 మందికి జబ్బు ఓ మోస్తరు, నలుగురు చనిపోయారు. మిగతా 20 మందికి తీవ్రం, ఆరుగురు పోయారు. మొత్తం 10 శాతం. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించే ప్రాణాంతక స్థితి) పద్దులో మరో 100 మంది, 40 మరణాలు. ఇప్పుడు ఆ 20 మందికి అసలు జబ్బు సెప్సిస్ అని, న్యుమోనియా రెండో జబ్బు అని రాశారనుకోండి. వాళ్లు సెప్సిస్ పద్దులోకి మారతారు. న్యుమోనియా మరణాలు 80కి 4, అంటే 5 శాతం. సెప్సిస్‌లో 120కి 46, అంటే 38 చిల్లర. రెండు చోట్లా తగ్గింది! పోయినవాళ్లు అప్పుడూ 50 మందే, ఇప్పుడూ 50 మందే. బడిలో సగటంటే కూడి భాగించడమని చెప్పి వదిలేస్తారు. ఈ ఒక్క లెక్క చేయిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఇది కాగితం మీది వింత మాత్రమే కాదు. 2003-2009 మధ్య అమెరికాలో న్యుమోనియాతో చేరినవాళ్లూ, వాళ్లలో మరణాలూ బాగా తగ్గినట్టు కనిపించింది. న్యుమోనియాతో పాటు సెప్సిస్, శ్వాస వైఫల్యం ముఖ్య జబ్బుగా రాసినవాళ్లను కూడా కలిపి చూస్తే ఆ మెరుగుదల చాలావరకు కరిగిపోయిందని 2012లో అచ్చయిన అధ్యయనం చూపింది. మోసమని తేల్చేయనక్కర్లేదు. ఒకే రోగికి రెండు పేర్లూ నిజమే కావచ్చు. అయితే సెప్సిస్ అని రాస్తే ఆసుపత్రికి వచ్చే డబ్బు ఎక్కువన్నదీ నిజమే.

2016లో మెడికేర్ లెక్కను విస్తరించి, న్యుమోనియాతో కూడిన సెప్సిస్ రోగులను కూడా చేర్చింది. తీవ్ర సెప్సిస్ అని రాసినవాళ్లు మాత్రం అప్పుడూ బయటే ఉండిపోయారు.