జడ్జిగారు అడిగే ప్రశ్న

పిల్లలూ,

చట్టం అందరికీ ఒకటే కదా తాతయ్యా, జడ్జి సీట్లో ఆడవాళ్ళుంటే ఏమిటి, మగవాళ్ళుంటే ఏమిటి అని మొన్న అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునే ప్రశ్న కాదది. జిల్లా కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది కాగితం మీద పెడుతున్నాను. మీరు తొమ్మిదీ పదీ చదువుతున్నారు, అత్యాచారం అనే మాట పేపర్లో రోజూ చూస్తూనే ఉంటారు. అందుకని ఏదీ దాచకుండా రాస్తాను.

ముందు కోర్టు సంగతి ఒకటి తెలుసుకోండి. జడ్జికి తన ముందుకు వచ్చిందే తెలుస్తుంది. పోలీసులు అడిగింది, లాయర్లు అడిగింది, సాక్షి చెప్పింది, అంతే. ఎవరూ అడగని సంగతి రికార్డుకెక్కదు. రికార్డులో లేనిది తీర్పులోకి రాదు. బోనెక్కిన ఆడమనిషి ఒకచోటికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తుంది, చీర కొంగు నలుపుతూ నిలబడుతుంది. అక్కడ ఆగి అడిగేవాళ్ళు లేకపోతే ఆ ముక్క ఆమె కడుపులోనే ఉండిపోతుంది.

ఇప్పుడు అలా ఆగి అడిగిన ఒక మహిళా జడ్జి, నవనీతం పిళ్ళై గారి గురించి చెప్తాను. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 1941లో పుట్టారు, తమిళ కుటుంబం. చెరుకు తోటల్లో కూలిపనికి 1860 నుంచి మద్రాసు రేవు దాటి అక్కడికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆమె నాన్న బస్సు డ్రైవరు. ఆమె ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నాన్న జీతం డబ్బు పట్టుకెళ్తుంటే దొంగ కొట్టేశాడు. ఆ పిల్లే కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పింది. దొంగకు శిక్ష పడింది గానీ డబ్బు ఇంటికి తిరిగి రాలేదు. కోర్టు ఎంతవరకు పనికొస్తుందో ఆ వయసులోనే అర్థమై ఉంటుంది! పెద్దయ్యాక, 1967లో, నటాల్ రాష్ట్రంలో సొంతంగా లా ప్రాక్టీసు పెట్టారు. తెల్లవాళ్ళు కాని ఆడవాళ్ళలో అక్కడ ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే. వర్ణవివక్ష రోజులు కావడంతో, లాయరైనా సరే జడ్జి గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ గదిలో ఆమె మొదటిసారి అడుగు పెట్టింది 1995లో, తనే జడ్జి అయ్యాక.

అదే ఏడాది ఐక్యరాజ్యసమితి ఆమెను రువాండా ట్రిబ్యునల్‌కు, అంటే రువాండాలో జరిగిన మారణకాండను విచారించే ప్రత్యేక కోర్టుకు, జడ్జిగా ఎన్నుకుంది. ఆఫ్రికాలోని ఆ చిన్న దేశంలో 1994 ఏప్రిల్ నుంచి జులై వరకు, సుమారు వంద రోజుల్లో, లక్షల మందిని చంపేశారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది టుట్సీలనే జాతివాళ్ళు. ఆ నేరాల విచారణ పక్కనున్న టాంజానియాలోని అరూషాలో జరిగింది. మొదటి కొన్నేళ్ళు ఆ ట్రిబ్యునల్ మొత్తానికి ఆమె ఒక్కరే మహిళా జడ్జి.

అక్కడికి వచ్చిన కేసుల్లో ఒకటి జాన్ పాల్ అకయేసుది. టాబా అనే ప్రాంతానికి మేయరు లాంటివాడు, అంతకుముందు బడిలో టీచరు. విచారణ 1997 జనవరిలో మొదలయ్యేసరికి అభియోగపత్రంలో హత్యలున్నాయి, హింసలున్నాయి. అత్యాచారం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ప్రాణభయంతో ఎంతోమంది ఆడవాళ్ళు ఈ మేయరు ఆఫీసు ఆవరణలోనే తలదాచుకున్నారు, వాళ్ళకు అక్కడే ఘోరం జరిగింది. అయినా కాగితంలో లేదు.

ఒకరోజు ఒక తల్లి బోనెక్కింది. పేరు బయటపెట్టకూడదు గనుక రికార్డులో ఆమెకు ఒక అక్షరమే గుర్తు. చంపడానికి వచ్చినవాళ్ళు తన ఆరేళ్ళ కూతుర్ని కూడా చెరిచారని వేరే ప్రశ్నకు జవాబు చెబుతూ అనేసింది. పిళ్ళై గారూ, ఆ బెంచి మీదున్న ఇద్దరు మగ జడ్జీలూ దాన్ని అక్కడితో పోనివ్వలేదు. ఇంకా ఏం చూశారు, ఏం విన్నారు అని అడిగారు. తర్వాత మరో సాక్షి తనకే జరిగిందని చెప్పింది. బయట మహిళా సంఘాలు కూడా అభియోగాలు మార్చాలని కోర్టుకు రాతపూర్వకంగా విన్నవించాయి. ప్రాసిక్యూషన్ మళ్ళీ దర్యాప్తు చేసి, 1997 జూన్‌లో అత్యాచార ఆరోపణలు చేర్చింది. ఆ తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నోరు విప్పారు.

1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. ఒక జాతిని తుడిచిపెట్టాలనే ఉద్దేశంతో చేసిన అత్యాచారం జాతిహననం కిందికే వస్తుందని ఒక అంతర్జాతీయ కోర్టు చెప్పడం అదే మొదటిసారి. బలప్రయోగం అంటే కొట్టడమే కానక్కర్లేదు, బెదిరింపూ భయమూ చాలునని కూడా రాశారు. పెనుగులాడిన గాయాలేవీ అని ఆడవాళ్ళనే నిలదీసే అలవాటు మన కోర్టులకూ ఉండేది కాబట్టి, ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అకయేసుకు యావజ్జీవం పడింది.

అరూషాలో ఆ విచారణ నడుస్తున్న 1997లోనే మన సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. ఊరి పేరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు. రాజస్థాన్‌లో బాల్యవివాహాలు ఆపబోయిన భన్వరీ దేవి మీద సామూహిక అత్యాచారం జరిగితే, కింది కోర్టు 1995లో నిందితుల్ని ఆ నేరం నుంచి విడిచిపెట్టేసింది. పనిచేసే చోట ఆడవాళ్ళకు రక్షణ ఏదీ అని మహిళా సంఘాలు పైకోర్టుకెక్కాయి. ముగ్గురు జడ్జీల ఆ ధర్మాసనంలో సుజాతా మనోహర్ ఉన్నారు. అప్పుడు సుప్రీంకోర్టు మొత్తానికి మహిళ ఆమె ఒక్కరే. మీ అమ్మ ఆఫీసులో ఫిర్యాదుల కమిటీ ఉంది కదా, దాని మొదలు అక్కడే. చట్టం మాత్రం 2013 దాకా రాలేదు.

అయితే ఆడజడ్జి ఉంటే చాలు, న్యాయం జరిగిపోతుందనుకోకండి. 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, పన్నెండేళ్ళ పాపను బట్టల మీంచి పట్టుకుంటే, పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం కింద అది లైంగిక దాడి కాదని తీర్పిచ్చింది. రాసింది మహిళా న్యాయమూర్తే. చదివి నాకు ఒళ్ళు మండింది. నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ముఖ్యమైన తీర్పు రాసిన బేలా త్రివేదీ కూడా మహిళే. అరూషా బెంచి మీద ఇద్దరు మగవాళ్ళున్నారనీ మర్చిపోకండి. రకరకాల బతుకులు చూసినవాళ్ళు పక్కపక్కన కూర్చుంటే, ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుంది. నేనడిగేది అదే, అది ఒకరిద్దరితో అయ్యేది కాదు.

సాక్షిని జడ్జి తనంతట తాను ఏ ప్రశ్నైనా అడగొచ్చు. పాత సాక్ష్య చట్టంలో అది 165వ సెక్షన్, కొత్త చట్టంలోనూ ఆ అధికారం అలాగే ఉంది. దసరాకి వస్తే మన కోర్టులకూ సెలవులే కాబట్టి, సంక్రాంతి సెలవులకు కోర్టు మూసేలోపే రండి, తీసుకెళ్తాను. అత్యాచారం కేసులు తలుపులు మూసి నడుపుతారు, వాటికి రానివ్వరు. మిగతావాటిలో లాయర్ల గోల వదిలేసి, జడ్జిగారు మధ్యలో ఎప్పుడు పెన్ను ఆపి ప్రశ్న వేస్తారో గమనించండి. ఫోన్లు మాత్రం ఇంట్లోనే పెట్టి రావాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య