పటిక నీరు, పీత డెక్కలు

పాలకొల్లులోని డచ్చివారి సమాధులను చూసి వచ్చిన ఒక విద్యార్థిని, మన పెద్దలు వలందులని పిలిచిన ఆ మనుషులు అంత దూరం నుంచి ఈ కాలువగట్లకు ఎందుకు వచ్చారని నన్ను అడిగింది. బట్టల కోసం వచ్చారు. అయితే ఆ బట్టలో ఐరోపాకు దొరకనిదేమిటో తెలియాలంటే కొంత రసాయనశాస్త్రం కావాలి, నాకు ప్రాణమైన భాగమూ అదే.

ఎర్రరంగు వారికీ ఉంది. మన తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరులోనూ, ఐరోపా రైతులు పండించిన మంజిష్ఠ జాతి వేరులోనూ ఉండే ముఖ్యమైన ఎర్రరంగు పదార్థం ఒక్కటే, దాని పేరు అలిజరిన్. ఉన్ని ప్రోటీను గనుక పటికతో ఉడికిస్తే ఆ రంగును సులువుగా పట్టుకుంటుంది. నూలు సెల్యులోజు గనుక అంత తేలికగా లొంగదు. అందుకే మన అద్దకంవారు గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెట్టేవారు. కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు నూలుపోగును అంటిపెట్టుకుంటాయి, పాలలోని కొవ్వు తరువాత కలంతో రాసే పటిక నీటిని చుట్టూ పాకనివ్వదు. ఎరుపు రావలసిన చోట మాత్రమే ఆ పటిక నీరు రాస్తే, అందులోని అల్యూమినియం టానిన్‌తో ముడిపడుతుంది.

ఆపైన గుడ్డను చిరివేరు మరుగుతున్న కాగులో వేస్తారు. కోరంగి మడ అడవుల్లో పీత రెండు డెక్కలతో పుల్లను బిగించడం చూసినవారికి కాగులో జరిగేది ఇట్టే అర్థమవుతుంది. అలిజరిన్ అణువులో దగ్గరదగ్గరగా ఉన్న రెండు ఆక్సిజన్ పరమాణువులు రెండు డెక్కల్లా అల్యూమినియాన్ని చెరోవైపు నుంచి పట్టుకుంటాయి. ఒక డెక్క సడలినా రెండోది వదలదు, సడలినది ఆ పక్కనే ఉంటుంది గనుక మళ్లీ అందుకుంటుంది. ఒకే అల్యూమినియాన్ని ఒకటికి మించిన పీతలు పట్టగలవు, కాల్షియం కూడా ఆ గుంపులో చేరుతుంది. ఇటువంటి బంధానికి పెట్టిన కీలేట్ అన్న పేరు సైతం పీత డెక్కకున్న గ్రీకు మాట నుంచే వచ్చింది. పటిక తగలని చోట పీతకు పట్టు దొరకదు గనుక, అక్కడ అంటిన లేత ఎరుపు పేడనీటికీ ఎండకూ వెలిసిపోయి, తెల్లని గుడ్డమీద పువ్వు మాత్రమే ఎర్రగా నిలుస్తుంది. లోహాన్ని ఇలా పట్టుకునే సమన్వయ బంధాన్ని నల్లబల్లమీద గీతలుగా చెప్పే ఉపాధ్యాయులు ఒక్కసారి పటికను, కరక్కాయను తరగతికి తెస్తే ఎంత బాగుంటుందో!

ఉతుకుకు ఆగే ఈ రంగు దేశాల చట్టాలనే కదిలించింది. లవంగాలు, జాజికాయలు పండే దీవులవారు వాటికి బదులుగా మన తీరపు బట్టను కోరేవారు గనుకనే, డచ్ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో మన తూర్పు తీరమైన కోరమాండల్‌ను ఆ మొలక్కస్ దీవులకు ఎడమచేయి అన్నాడు. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు మడపోలం అనే నూలుగుడ్డ పేరుగా ఐరోపా భాషల్లో స్థిరపడింది. తమ ఉన్ని, పట్టు నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో అద్దకపు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700 నాటి చట్టంతో మన అద్దకాలను ఆపింది గాని తెల్లగుడ్డను రానిచ్చింది, దానిమీద లండన్ అద్దకంవారు చేయి తిప్పుకున్నారు. 1742లో కెర్దూ అనే ఫ్రెంచి మతప్రచారకుడు కోరమాండల్ అద్దకాన్ని అంచెలంచెలుగా వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు.

1868లో జర్మన్ శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్‌మన్ తారులో దొరికే ఆంత్రసీన్ నుంచి అలిజరిన్‌ను తయారుచేశారు. కొద్ది దశాబ్దాల్లోనే ఐరోపాలోని మంజిష్ఠ పొలాలూ మన తీరంలోని చిరివేరు తవ్వకమూ వెనకబడగా, మన అద్దకంవారు అదే కరక్కాయ, అదే పటిక మీద జర్మనీ నుంచి ఓడల్లో వచ్చిన అలిజరిన్‌ను వేయసాగారు.